సీఎన్‌జీ ట్రక్కులో పి0420 కోడ్: కన్వర్టర్ మార్చాల్సిందేనా?

బెంగళూరు పీణ్యలో ఉంటాం. మా బీఎస్6 సీఎన్‌జీ చిన్న ట్రక్కులో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, కోడ్ పి0420 (అంటే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని). చెరిపేసినా హోసూరు రోడ్డు మీద ఒకే వేగంతో కాసేపు పోగానే మళ్లీ వస్తోంది. సిటీ ట్రాఫిక్‌లో రాదు.

కన్వర్టర్ వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ కొత్తది వేశాం. వైరింగ్ బాగుంది, సైలెన్సర్ జాయింట్లలో లీకేజీ లేదు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) కోడ్‌లు కూడా లేవు. అయినా ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర వెనక సెన్సర్ అచ్చం ముందు సెన్సర్‌లాగే 0.1 నుంచి 0.8 వోల్టుల మధ్య ఊగుతోంది. అది నిలకడగా ఉండాలి కదా! పికప్ మాత్రం తగ్గలేదు, కాబట్టి కన్వర్టర్ లోపల మూసుకుపోయినట్టు లేదు.

మెకానిక్ కన్వర్టర్ మార్చేయమంటున్నాడు. ఖరీదైన పార్టు, అందుకే టెన్షన్. కొనేముందు, పాతది నిజంగా పాడైందని తేల్చే పరీక్ష ఇంకేదైనా ఉందా?