సమస్య: తన్నుఁ దానె కట్టి తాను నిలిచె

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడూ మీరే పూరించాలి. విషయం 2023 జూన్‌లో తెలుగుతో కలిపి 10 భాషల్లో మన దగ్గర విడుదలైన 'స్పైడర్-మ్యాన్: అక్రాస్ ద స్పైడర్-వర్స్'. 140 నిమిషాలు కూర్చోబెట్టి, ముడి బిగిసేచోట 'ఇంకా ఉంది' అని లేపేసిన బొమ్మల సినిమా. చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, కథంతా బయటపడుతుంది.

మొదటి పూరణ

ఇల్లటంచు వాలె నింకొక లోకాన
తండ్రి లేని యూరు, తల్లి మిగిలె
ముసుగు తీసి చూడ మోము తనదె యయ్యె
తన్నుఁ దానె కట్టి తాను నిలిచె

— ఈ సినిమాలో స్పైడర్-మ్యాన్ అయిన కుర్రాడు మైల్స్‌. అతణ్ణి కరిచిన సాలీడు వేరే లోకమైన 42వ భూమిది. ఇంటికి పంపే యంత్రం ఆ జాడ పట్టుకుని అతణ్ణి అక్కడికే పంపేసింది. ఇదంతా 'ఇల్లటంచు' అన్న ఒక్క మాటలో ఇమిడింది. భేష్ తమ్ముడూ!

— ఒక్క చిక్కు. 'తీసి చూడ' అంటే మైల్సే ముసుగు లాగి చూసినట్టుంది. అతను గుద్దుల సంచికి కట్టేసి ఉన్నాడు, చేతులెక్కడివి? ముసుగు తీసింది ఎదుట నిలబడ్డ ఆ లోకపు మైల్స్. 'ముసుగు తీసినంత' అంటే గణాలూ చెడవు.

— నిజమే మాస్టారూ, మార్చేస్తున్నాను.

రెండో పూరణ

తేది చెప్పి మనకుఁ దీపి రుచినిఁ జూపి
మళ్ళీ తేది మార్చె మాట తప్పి
కథను సగము కోసి గడువుతో నిర్మాత
తన్నుఁ దానె కట్టి తాను నిలిచె

— హహ! మూడో భాగం 2024 మార్చి 29న అన్నారు, ఈ సినిమా వచ్చి రెండు నెలలు తిరక్కుండానే ఆ తేదీ ఎత్తేశారు. అయితే అక్కా, 'మళ్ళీ'లో రెండూ గురువులే, సూర్యగణం కాదు. 'మరలఁ దేది' అనండి. 'మాట తప్పి' మాత్రం కాస్త అన్యాయం. అప్పుడు నటుల సమ్మె నడుస్తోంది కదా.

— సమ్మె సంగతి సరే, హాల్లో మా వాడు ఏడ్చిన ఏడుపు మీరు వినలేదు. 'మళ్ళీ' మారుస్తా, 'మాట తప్పి' మార్చను.

మూడో పూరణ

విధి యటంచు వాని వెంబడించెను మిగెల్
వేయి సాలెపురుగు వీరులంత
తాను నమ్ముకొన్న తలరాత వలలోనె
తన్నుఁ దానె కట్టి తాను నిలిచె

— నాకిదే నచ్చింది. అందరూ కట్లలో ఉన్న మైల్స్‌ని చూశారు, మీరు అతణ్ణి తరిమిన మిగెల్‌ని, స్పైడర్-మ్యాన్ల దండు నాయకుణ్ణి చూశారు. ప్రతి స్పైడర్-మ్యాన్ కథలోనూ ఒక పోలీసు కెప్టెన్ పోవాలట, అది రాసిపెట్టి ఉందట. మైల్స్ నాన్న కెప్టెన్ కాబోతున్నాడు. ఆయన్ని కాపాడుకోవడమే తప్పనే మిగెల్‌కి తన చుట్టూ ఉన్న వల కనబడదు.

— భావం దొడ్డది, అన్వయమే తెగింది. రెండో పాదంలో 'వీరులంత' క్రియ లేక వేలాడుతోంది. 'వీరులఁ గొని' అంటే అతుకుతుంది.

— అమ్మా, చిన్న సందేహం. 'వెంబడించెను మిగెల్' అని హల్లుతో పాదం ముగిసి, చివరి గణం 'నగం' (మూడు లఘువులు, ఒక గురువు) అయి కూర్చుంది. కావాలనే వేశారా?

— లేదండీ, కుదిరింది. ముందు 'మిగేలుడు' అని రాశాను. చదివి మా అమ్మాయి పడీపడీ నవ్వింది.