నల్లరంగు పూసిన కెంట్ గుర్రం బ్యాడ్జి హోమ్ గార్డ్‌దేనా?

ప్రశ్న: మెయిడ్‌స్టన్ వాసి

మిత్రులకు నమస్కారం. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో పాత సామాన్ల సంతలో నాకు ఒక టోపీ బ్యాడ్జి దొరికింది. వెనుక కాళ్లపై లేచిన గుర్రం, దాని కింద ‘ఇన్‌విక్టా’ (ఓటమి ఎరుగనిది) అనే లాటిన్ నినాదం, దిగువన రాయల్ వెస్ట్ కెంట్ రెజిమెంటు పేరు ఉన్నాయి. మామూలుగా తెల్లగా మెరిసే ఈ బ్యాడ్జికి నలుపు కలిసిన గోధుమరంగు పెయింటు దట్టంగా పూశారు. గుర్రం రొమ్ము దగ్గర, ఎత్తిన ముందుకాలి దగ్గర అది అరిగి లోపలి లోహం కనిపిస్తోంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో స్థానిక రక్షణకు స్వచ్ఛందంగా చేరిన హోమ్ గార్డ్ వాలంటీర్లు ఇలా రంగు పూసుకునేవారని అమ్మిన వ్యక్తి చెప్పారు. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు? రంగు తీయించి మెరుగు పెట్టించమంటారా?

జవాబు: పతకాల పెట్టె

దయచేసి మెరుగు పెట్టించవద్దు. ఆ పెయింటు యుద్ధకాలం నాటిదైతే ఈ బ్యాడ్జి చరిత్ర అంతా దానిలోనే ఉంది.

1940 మే 14న అప్పటి బ్రిటన్ యుద్ధ మంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో పిలుపునిచ్చినప్పుడు ఏర్పడిన స్థానిక రక్షణ వాలంటీర్లకు మొదట చేతికి కట్టుకునే గుడ్డ పట్టీ తప్ప చెప్పుకోదగ్గ గుర్తేమీ లేదు. జులైలో ఆ దళానికి హోమ్ గార్డ్ అనే పేరు వచ్చింది; ఆ తరువాత ఒక్కొక్క బెటాలియన్‌ను ఆ ప్రాంతపు రెజిమెంటుకు అనుబంధం చేసి, ఆ రెజిమెంటు బ్యాడ్జినే ధరించనిచ్చారు. అందుకే కెంట్‌లో కొందరి టోపీపై మీ గుర్రం, మరికొందరి టోపీపై బఫ్స్ రెజిమెంటు డ్రాగన్ కనిపించేవి. అచ్చు ఒకటే కాబట్టి, రంగును మాత్రమే చూసి ఇది వాలంటీరుదని, అది సైనికుడిదని తేల్చడం కుదరదు. మెరుపు శత్రువు కంటపడకూడదనే అవసరం ఇద్దరికీ ఉండేది. పైగా రైఫిల్ రెజిమెంట్లకు నల్ల బ్యాడ్జి చాలాకాలంగా సంప్రదాయమే. అధికారుల సర్వీస్ డ్రెస్‌పై పెట్టుకునేవి తయారీలోనే కంచురంగులో వచ్చేవి. ‘నల్లగా ఉంది కనుక హోమ్ గార్డ్’ అని చెప్పి ధర పెంచడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

జవాబు: భూతద్దం

పై మాటతో నేను ఏకీభవిస్తున్నాను. భూతద్దంతో ముందుగా ‘ఇన్‌విక్టా’ అక్షరాల మధ్య చూడండి. పెయింటైతే అక్కడ గట్టిగా పేరుకుని అక్షరాల అంచులను మొద్దుబారుస్తుంది, కుంచె గీతలు కూడా కనిపించవచ్చు. పొటాషియం సల్ఫైడు వంటి రసాయనంతో నలుపు చేసి ఉంటే పొర పలుచగా ఉండి అక్షరాలు పదునుగానే ఉంటాయి. ఆ తరువాత వెనక్కి తిప్పి, టోపీలోకి దూర్చే స్లైడర్‌ను పరిశీలించండి. టోపీ గుడ్డకు రాసుకున్న చోట సహజమైన అరుగుదల ఉండాలి. ముందువైపు ఎంతో అరిగినట్లుండి, స్లైడర్ మాత్రం కొత్తగా, దాని అతుకు మెరుస్తూ ఉంటే, అది తరువాతి కాలపు నకలుకు రంగు పూసి పాతదిగా చూపినదేమోనని అనుమానించాలి.

లోహం కొరత వల్ల యుద్ధం మధ్యకాలం నుంచి ప్లాస్టిక్ బ్యాడ్జీలు కూడా వచ్చాయి. వాటి రంగే మందకొడిగా ఉంటుంది కాబట్టి పైన పూయవలసిన పని లేదు. మీది అరిగిన చోట లోహం కనబడుతోంది కాబట్టి ఆ ప్రశ్న లేదు. ఆ కాలపు పెయింటులో సీసం ఉండవచ్చు, గరుకు కాగితంతో రుద్దకండి. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

మెయిడ్‌స్టన్ వాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. అక్షరాల సందుల్లో పెయింటు గట్టిగా పేరుకుని ఉంది, స్లైడర్ కూడా ఒకవైపు బాగా అరిగింది. ఇది ఒక ఇంటి సామానుతో కలిసి వచ్చిందని, అదే పెట్టెలో కొన్ని గుడ్డ పట్టీలు కూడా ఉన్నాయని అమ్మిన వ్యక్తి అన్నారు.

జవాబు: పతకాల పెట్టె

అయితే ఆ పట్టీలను వెంటనే అడగండి. భుజానికి కుట్టే ‘హోమ్ గార్డ్’ పట్టీ, దాని కింద కెంట్‌ను సూచించే కె.టి. అక్షరాలు, బెటాలియన్ సంఖ్య దొరికితే, రంగు చెప్పలేనిది అవి చెబుతాయి. ఆ ఇంటివారి దగ్గర యూనిఫాంలో దిగిన ఫోటో ఉంటే మరీ మంచిది. విడివిడిగా కొనకండి, అన్నీ కలిపి తీసుకుని, ఎవరి ఇంటి నుంచి ఎలా వచ్చాయో అమ్మిన వ్యక్తి చేత ఒక కాగితంపై రాయించుకోండి.