బటన్ దగ్గర లైటు వస్తోంది, తెర రావడం లేదు. మదర్‌బోర్డు పోయిందంటున్నారు

యార్డు లెక్కలు, గుంటూరు
మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు లెక్కలు రాస్తాను. నిన్న రాత్రి వరకు బాగా పనిచేసిన లాప్‌టాప్ ఈ ఉదయం మొండికేసింది. బటన్ దగ్గర తెల్ల లైటు వెలుగుతోంది, ఫ్యాను కాసేపు జోరుగా తిరిగి నెమ్మదిస్తోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. కంపెనీ గుర్తు కూడా రావడం లేదు. బ్రాడీపేటలో ఒక షాపులో చూపిస్తే, వెనుక మూత తీయకుండానే మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుంది అన్నారు. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ డేటా అంతా అందులోనే ఉంది. సీజను మధ్యలో ఉన్నాం, రైతులకు పట్టీలు, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీలు, ఇవ్వాలి. ఏం చేయమంటారు?

బెజవాడ మెకానిక్, గవర్నర్‌పేట
మూత తీయకుండా మదర్‌బోర్డు పోయిందని చెప్పేవారిని నేను నమ్మను. ఈ పనిలో ఉన్నవాణ్ని కాబట్టే అంటున్నాను.

ఆన్ కావడం లేదంటూ వచ్చే లాప్‌టాప్‌లన్నీ ఒక రకం కాదు. కొన్నిటికి అసలు కరెంటే అందదు. కొన్నిటికి కరెంటు అందుతుంది, బొమ్మ రాదు. ఇంకొన్ని కంపెనీ గుర్తు దాకా వచ్చి అక్కడే గిరగిర తిరుగుతుంటాయి. మీది రెండో రకం. కాబట్టి కొత్త చార్జరు కొనకండి, విండోస్ మళ్ళీ వేయించకండి. రెండూ దండగ.

ఆన్ చేసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తర్వాత క్యాప్స్‌లాక్ నొక్కండి. నొక్కినప్పుడల్లా ఆ మీట మీది చిన్న దీపం వెలిగి ఆరుతుంటే యంత్రం లోపల మేలుకునే ఉందని అర్థం. మీరు ముట్టుకోకుండానే అది మిణుకుమంటుంటే ఎన్నిసార్లు మిణుకుమని ఆగుతోందో లెక్కపెట్టండి. ర్యామ్ అనే మెమరీ ముక్క లోపానికి ఒక లెక్క, ప్రాసెసర్ లోపానికి ఇంకో లెక్క ఉంటాయి. ఆ పట్టిక మోడల్‌ను బట్టి కంపెనీ సైటులో దొరుకుతుంది.

ఇంకొకటి. గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడండి. లీలగా ఏమైనా కనబడుతోందా? ఈ రెండూ చూసి చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.

కృష్ణలంక విద్యార్థి
అన్నగారూ, నాకూ ఇలాగే అయింది. చార్జరు తీసేసి పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్ళీ చార్జరు పెట్టి ఆన్ చేస్తే వచ్చేసింది. లోపల మిగిలిపోయిన చార్జి పోతుందట. బ్యాటరీ బయటికి వచ్చే పాత మోడల్ అయితే దాన్నీ తీసి చేయాలి.

బెజవాడ మెకానిక్, గవర్నర్‌పేట
అవును తమ్ముడూ, ఖర్చు లేని పని కాబట్టి చేసి చూడవచ్చు. అసలు కదలిక లేని వాటికి ఇది ఎక్కువగా పనిచేస్తుంది. కొన్ని లెనోవో మోడళ్ళకు అడుగున గుండుసూది పట్టేంత రంధ్రం కూడా ఉంటుంది, లోపలి మీట నొక్కితే ఇదే పని జరుగుతుంది. రంధ్రం కనబడింది కదా అని అన్నిట్లో సూది గుచ్చకండి, పక్కనే మైకు రంధ్రం కూడా ఉండవచ్చు.

లబ్బీపేట గృహిణి
మా అబ్బాయి లాప్‌టాప్‌కు ర్యామ్ ముక్క తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెడితే తెర వచ్చింది. షాపతను మా ముందే చేసి రెండు వందలు తీసుకున్నాడు. మే నెల ఉక్కపోతకు అక్కడ చిలుము పడుతుందని చెప్పాడు. గుంటూరు వారూ అది చూపించుకోండి.

బెజవాడ మెకానిక్, గవర్నర్‌పేట
మంచి మాట అమ్మా. రుద్దిన పొడి అంతా దులిపాకే పెట్టాలి. పలుచటి కొత్త మోడళ్ళు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఇస్తున్నారు, వాటిలో ఈ పని కుదరదు. విప్పే ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలన్నది మాత్రం మరవకండి.

యార్డు లెక్కలు, గుంటూరు
మెకానిక్ గారూ, క్యాప్స్‌లాక్ దీపం నొక్కితే వెలుగుతోంది, మళ్ళీ నొక్కితే ఆరుతోంది. టార్చి పెట్టి చూస్తే విండోస్ గడియారం అంకెలు నీడలా కనబడ్డాయి! షాపులో ఈ పని ఎందుకు చేయలేదో.

బెజవాడ మెకానిక్, గవర్నర్‌పేట
అయితే మీ మదర్‌బోర్డు పనిచేస్తోంది. బొమ్మ వస్తోంది, దాని వెనుక వెలగాల్సిన దీపమే వెలగడం లేదు. మూత తెరిచి మూసే మడత దగ్గర నుంచి ఒక సన్నటి తీగ పోతుంది. రోజుకు పదిసార్లు తెరిచి మూస్తే అది అక్కడే నలుగుతుంది. తెరలోని దీపమో, బోర్డు మీద దానికి కరెంటిచ్చే చిన్న ఫ్యూజో పోయి ఉండవచ్చు కూడా. ఏదైనా సరే, బోర్డు మొత్తం మార్చాల్సిన పని కాదు.

మరమ్మతుకు ఇచ్చే ముందు డేటా తీసుకోండి. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ తీగ కలపండి. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళాక కూడా టీవీలో బొమ్మ రాకపోతే విండోస్ మీట, పీ కలిపి నొక్కి, కిందికి బాణం ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టండి. టాలీలో డేటా ఎక్కడ దాస్తోందో చూసుకుని, ఆ అంకెల పేరున్న ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. డెస్క్‌టాప్ మీది గుర్తును కాపీ చేసి డేటా వచ్చేసిందనుకునేవారు చాలామంది ఉన్నారు.

సింగ్‌నగర్ టీచర్, విజయవాడ
డేటా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధి అంతా రోజుల తరబడి నీళ్ళలో ఉంది. మంచం మీద పెట్టిన లాప్‌టాప్ కూడా మునిగింది. నీళ్ళు తీశాక పక్కింటివారు తమదాన్ని ఒక పూట ఎండలో పెట్టి చార్జరు గుచ్చారు. చిటపటమని పొగ వచ్చింది. మాదాన్ని ఆన్ చేయకుండా షాపుకు ఇచ్చాం. బురద కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, ఆరబెట్టి చూశారు. బోర్డు బతకలేదు, ఫైళ్ళు దాచుకునే ఎస్ఎస్‌డీ మాత్రం బతికింది. దాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే పిల్లల ఫొటోలన్నీ వచ్చాయి.

బియ్యం డబ్బాలో పెట్టమని ఆ వారం అందరూ చెప్పారు. వరద నీళ్ళతో వచ్చిన బురదను బియ్యం ఏం పీల్చుతుంది?

బెజవాడ మెకానిక్, గవర్నర్‌పేట
ఆ నెలంతా మా బల్ల మీద బురదే. టీచరు గారి మాటకు ఒకటి కలుపుతాను. లోపల ఉన్నది పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్క్ అయితే తడిసిన తర్వాత ఇంట్లో అసలు తిప్పకూడదు. దానికి గాలి ఆడే రంధ్రం ఉంటుంది, లోపలికి మురికి చేరితే పళ్ళేలు గీసుకుపోతాయి. డేటా వెలికితీసే నిపుణులకే ఇవ్వాలి, ఖర్చు కూడా బాగానే అవుతుంది.

మంగళగిరి సాఫ్ట్‌వేర్
ఎస్ఎస్‌డీ తీసి వేరే కంప్యూటర్‌కు పెడితే అందరికీ ఫైళ్ళు రావు. విండోస్ 11 ఉన్న కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించగానే డిస్క్‌కు బిట్‌లాకర్ అనే తాళం దానంతట అదే పడుతుంది. ఆ తాళం సంగతి చూసుకునే చిప్ బోర్డు మీదో ప్రాసెసర్ లోపలో ఉంటుంది. బోర్డు మార్చినా, డిస్క్ తీసి వేరేచోట పెట్టినా 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఎంత పెద్ద మెకానిక్ అయినా ఏమీ చేయలేడు. ఫోనులో అదే ఖాతా తెరిచి కీ ఉందో లేదో ఇప్పుడే చూసి కాగితం మీద రాసుకోండి. మా ఆఫీసులో ఒకరు బోర్డు మార్పించి, ఖాతా పాస్‌వర్డ్ గుర్తులేక, పాత ఫోన్ నంబరు లేక నానా అవస్థ పడ్డారు.

తెనాలి పెద్దాయన
మాది మెకానిక్ గారు చెప్పిన మొదటి రకం. లైటు కూడా రాదు. చార్జరు కింద 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంది. మా ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి 19.4 వస్తోందన్నాడు. మరి చార్జరు మంచిదేనా?

బెజవాడ మెకానిక్, గవర్నర్‌పేట
వోల్టేజి బాగుంది. లాప్‌టాప్ కరెంటు లాగేటప్పుడు అది నిలబడుతుందో లేదో మీటరు చెప్పదు, అందుకని అదే వాటేజి ఉన్న ఇంకో చార్జరు పెట్టి చూడండి. మీది 65 వాట్లు. చార్జరు గుచ్చే చోట పిన్ను వదులై కదులుతోందేమో చూడండి, మడిచి మడిచి అది ఎక్కువగా పోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగున మూత ఉబ్బినా బ్యాటరీ పాడైనట్టే. చార్జింగు పెట్టవద్దు, నొక్కవద్దు, మీరే విప్పవద్దు పెద్దాయన గారూ. మన ఎండల్లో కారులో వదిలేసిన వాటికి ఇది మామూలే.

యార్డు లెక్కలు, గుంటూరు
టీవీకి తగిలించగానే అంతా కనబడింది. డేటా రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, అరండల్‌పేటలో వేరే షాపుకు ఇచ్చాను. మడత దగ్గర తీగ నలిగిందట, పాతది తీసి కొత్తది వేశారు. పద్దెనిమిది వందలు తీసుకున్నారు. ఫ్యాను నిండా ఎర్రటి మిర్చి దుమ్ము ఉందట. మూత తీసినతనికి ఒకటే తుమ్ములు, చివరికి బయట వరండాలోకి తీసుకెళ్ళి శుభ్రం చేశాడు. అందరికీ ధన్యవాదాలు. పట్టీలు ఈ రోజే మొదలుపెట్టాను.

బెజవాడ మెకానిక్, గవర్నర్‌పేట
సంతోషం. యార్డు లాప్‌టాప్‌లు తెరిచేటప్పుడు మేమూ మాస్కు కట్టుకుంటాం. సీజను అయిపోగానే ఏటా ఒకసారి ఫ్యాను శుభ్రం చేయించండి, దుమ్ము పట్టినవి వేడెక్కి వాటంతట అవే ఆగిపోతాయి.

ఈ చర్చ చూసి టార్చి పట్టుకునేవారికి ఒక మాట. ఓలెడ్ తెర ఉన్న లాప్‌టాప్‌లకు ఈ పరీక్ష పనికిరాదు. వాటికి వెనుక దీపం ఉండదు, చుక్క చుక్కా తనంతట తానే వెలుగుతుంది. టార్చికి ఏమీ కనబడలేదని బోర్డు పోయినట్టు కాదు, టీవీకి తగిలించి చూడండి.