సదరన్ బ్లాట్‌ను ‘దక్షిణ మచ్చ’ అనవచ్చునా?

ప్రశ్న (విజయవాడ): సభ్యులకు నమస్కారం. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి బీయస్సీ బయోటెక్నాలజీలో చేరిన పిల్లల కోసం నోట్సు రాస్తున్నాను. ఒక పాత గైడులో సదరన్ బ్లాట్‌కు ‘దక్షిణ మచ్చ’ అనీ, వెస్ట్రన్ బ్లాట్‌కు ‘పశ్చిమ మచ్చ’ అనీ కనబడ్డాయి. వీటిని వాడవచ్చునా?

సమాధానం (గుంటూరు): వద్దమ్మా. సదరన్ ఇక్కడ దిక్కు కాదు, ఇంటిపేరు. డీఎన్ఏ ముక్కల్లో కావలసినదాన్ని గుర్తించే ఈ పద్ధతిని ఎడ్విన్ సదరన్ 1975లో ప్రచురించారు. ఆర్ఎన్ఏకు ఇటువంటి పద్ధతి 1977లో వచ్చాక దానికి నార్తర్న్ అన్న పేరు చమత్కారంగా స్థిరపడింది. ప్రొటీన్ల పద్ధతికి 1981లో వెస్ట్రన్ అని పేరు పెట్టిన నీల్ బర్నెట్, తన ప్రయోగశాల అమెరికా పశ్చిమ తీరాన సియాటిల్‌లో ఉండడాన్నీ కలుపుకొన్నారు. ఈ చమత్కారాన్ని తెనిగించబోతే ఇంటిపేరు కాస్తా దిక్కుగా మారుతుంది.

నాకు ఎక్కువ అభ్యంతరం ‘మచ్చ’ మీద. డీఎన్ఏ ముక్కలను జెల్‌లో పొడవును బట్టి విడదీసి, క్షారంతో జంట పోగులను విడగొట్టి, జెల్ మీద నైట్రోసెల్యులోజ్ పొరను, దానిపై పొడి కాగితాల దొంతరను ఉంచితే, కాగితాలు ద్రవాన్ని పైకి పీల్చుకొనే క్రమంలో ముక్కలు తమ వరుస చెదరకుండా పొరకు అంటుకొంటాయి. గుర్తు తగిలించిన ప్రోబ్, అంటే వెతికే పోగు, తనకు జతపడే ముక్కను ఆ తరువాతే పట్టి చూపుతుంది. అంటే బ్లాట్ అన్న మాటలోని అసలు పని, ఉన్నదాన్ని ఉన్నచోటనే మరొక పొర మీదికి దింపడం. బ్లాటింగ్ పేపర్‌కు అద్దుడు కాగితం అన్నది మన మాటే కనుక ‘అద్దకం’ అనడం నాకు సబబుగా తోస్తున్నది.

ప్రశ్న (విజయవాడ): అద్దకం అంటే పిల్లలకు పెడన కలంకారీ బట్టలే గుర్తుకు రావా, అండీ? పైగా వెస్ట్రన్‌లో కాగితం పీల్చడం లేదు, విద్యుత్తుతో కదా ప్రొటీన్లను పొర మీదికి నడిపిస్తారు?

సమాధానం (గుంటూరు): రానివ్వండి, అచ్చు మీది బొమ్మ బట్ట మీదికి దిగడం కూడా అదే పని. నడిపించేది విద్యుత్తయినా దింపడం దింపడమే. ప్రోబ్ స్థానంలో ఆ ప్రొటీన్‌ను పట్టుకొనే యాంటీబాడీ వస్తుంది, అంతే. ఆర్ఎన్ఏ దగ్గర మాత్రం క్షారం వాడకూడదని తప్పక రాయండి, అది ఆర్ఎన్ఏను ముక్కలు చేస్తుంది. ప్రశ్నపత్రంలో బ్లాట్ అనే ఉంటుంది కనుక, మొదటిసారి ‘సదరన్ బ్లాట్, అనగా సదరన్ అద్దకం’ అని రాసి, తరువాత మీకు నచ్చినదాన్ని కొనసాగించండి.