స్విఫ్ట్‌కి మంచి గ్రిప్ ఉన్న టైర్లు కావాలి, 24 వేలలో ఏం వస్తాయి?

అన్నలూ, మాది కోరాపుట్ జిల్లా జయపురం. 2019 స్విఫ్ట్ పెట్రోల్, కంపెనీ సైజు 185/65 ఆర్15. టైర్లు గుండైపోయాయి, గాడుల్లో ఉండే 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా అరిగాయి, వానలు పట్టేలోపు నాలుగూ మార్చేయాలి.

రేసులేం చేయను గానీ కాస్త హుషారుగానే నడుపుతాను. అత్తగారిది విజయనగరం కాబట్టి సుంకి ఘాట్ దిగక తప్పదు. తడి రోడ్డు మీద మలుపులో బ్రేక్ తొక్కితే ముందు చక్రాలు పక్కకి జారుతున్నాయి, సాలూరు వచ్చేదాకా మా ఆవిడ తలుపు పైనున్న పిడి వదలదు.

ఈసారి కాస్త వెడల్పైన 195/60 ఆర్15 టైర్లు వేద్దామని ఉంది. లెక్క వేస్తే చక్రం ఎత్తు 621 నుంచి 615 మిల్లీమీటర్లకి వస్తోంది, అంటే ఒక్క శాతం తేడా, స్పీడోమీటరుతో ఇబ్బంది లేదు. కానీ 195కి రిమ్ము వెడల్పు కనీసం 5.5 అంగుళాలు ఉండాలట కదా, పాత రిమ్ముల మీదే ఎక్కించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మైలేజీ బాగా పడిపోయిందా?

యోకోహామా ఎర్త్-1, అపోలో అల్నాక్ 4జీ చూస్తున్నా. లేదంటే పాత సైజులోనే మిషెలిన్ ఎక్స్‌ఎం2 ప్లస్, కాకపోతే అది మన్నికకే గానీ మలుపుల్లో పట్టుకి కాదని నా అనుమానం.

ఇంకోటి. ఇక్కడి కొట్టాయన రేటు తగ్గిస్తానంటున్నాడు గానీ టైరు మీద 1423 అని ఉంది, అంటే 2023లో 14వ వారం సరుకు. రబ్బరు గట్టిపడి ఉంటుందా, తీసుకోవచ్చా? లేక విశాఖ వెళ్ళి కొత్త సరుకు వేయించుకోవడమే నయమా? ఘాట్‌లో వాడినవాళ్ళు చెబితే మేలు.