మారుమనస్సు పొందిన తమ్ముడి అప్పులు ఎవరు తీర్చాలి?

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మా తమ్ముడు ఆన్‌లైన్ రమ్మీలో పడి ఊళ్లో చాలామంది దగ్గర అప్పులు చేశాడు. ఈమధ్య మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాడు, ఆట పూర్తిగా మానేశాడు. అది నిజమైన మార్పేనని నా నమ్మకం. కానీ అప్పులవాళ్లు ఫోన్ చేస్తే సెల్లు బోర్లా పెట్టేస్తాడు. అడిగితే "పాతవి గతించాయక్కా, ఇక ప్రభువే చూసుకుంటాడు" అంటాడు. ఇచ్చినవాళ్లలో మా వీధిలో పాలు పోసే ముసలావిడ కూడా ఉంది, పాపం.

బైబిల్లో లూకా సువార్త 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, యేసును కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు కదా! క్షమాపణ దొరికింది కాబట్టి బాకీ కట్టక్కర్లేదని నాకైతే ఎక్కడా కనిపించలేదు.

అమ్మేమో తన గొలుసు తాకట్టు పెట్టి తీర్చేస్తానంటోంది. బైబిల్లోనే గలతీయులకు రాసిన పత్రిక 6లో రెండో వచనం ఒకరి భారాలు ఒకరు మోయమంటుంది, ఐదో వచనం ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలంటుంది. మేం ఏ దారిన నడవాలి? ముసలావిడ డబ్బు మేం ఇచ్చేసి, మిగతాది వాడి సంపాదనలోంచే నెలనెలా కట్టించడం మేలా? కొత్త విశ్వాసి, మనసు విరిగిపోకుండా ఈ మాట వాడికెలా చెప్పాలి? ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు, సంఘ కాపరులు దయచేసి చెప్పండి.