రెన్యువల్ కాగితం చేతికి రాకపోతే కమ్యూనిటీ రేడియో ఆపేయాల్సిందేనా?

చర్చ మొదలుపెట్టినవారు: స్టేషన్ నిర్వాహకురాలు, రాయలసీమ

అందరికీ నమస్కారం. మాది 100 వాట్ల చిన్న స్టేషన్. పది పన్నెండు కిలోమీటర్ల వరకు వినిపిస్తుంది. పొదుపు సంఘాల ఆడవాళ్లే నడుపుతున్నారు. 2024కు ముందు అనుమతి తీసుకున్నాం కాబట్టి మా గోపా, అంటే మంత్రిత్వ శాఖతో చేసుకున్న అనుమతి ఒప్పందం, ఐదేళ్లదే. గడువు వచ్చే నెలాఖరుకు అయిపోతుంది. రెన్యువల్‌కు ముందుగానే అప్లై చేశాం. మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది. మా సొసైటీ కార్యదర్శి చనిపోయాక కొత్త ఆమెను ఎన్నుకున్నాం కానీ, ఆ మార్పును రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు చేయించలేదు. ఫైలు అక్కడే ఆగింది.

కమిటీ రెండుగా చీలిపోయింది. గడువు దాటిన క్షణం ట్రాన్స్‌మిటర్ ఆపేయాలని సగం మంది అంటున్నారు. అప్లై చేశాం కదా, జవాబు వచ్చేదాకా నడుపుదామని మిగతా సగం. నేను నడపాలనే అంటున్నాను. మీరేమంటారు?

వైర్‌లెస్ రంగంలో పనిచేసి రిటైరైన ఇంజనీరు

అమ్మా, నడపొద్దు. మీకున్నది ఒక్క కాగితం కాదు, రెండు. గోపా సమాచార ప్రసార మంత్రిత్వ శాఖది. ట్రాన్స్‌మిటర్ నడపడానికి ఇచ్చే వైర్‌లెస్ ఆపరేటింగ్ లైసెన్స్, ఫ్రీక్వెన్సీలు కేటాయించే డబ్ల్యూపీసీది; అది టెలికాం శాఖలోని విభాగం. స్పెక్ట్రం రుసుము, అంటే గాలి తరంగాలు వాడుకున్నందుకు ఏటా కట్టేది, ఈ రెండోదానికే. ఒకటి వచ్చింది కదా అని రెండోది మర్చిపోయే స్టేషన్లను నేను చూశాను. లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్ నడపడం చట్టరీత్యా నేరం. మంచి పని చేస్తున్నామన్నది అక్కడ చెల్లదు.

ఇదేదో కాగితాల పట్టింపు అనుకోకండి. ఎఫ్ఎం బ్యాండ్ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది. విమానాల రేడియో అక్కడి నుంచే మొదలవుతుంది. సర్వీసింగ్ లేని ట్రాన్స్‌మిటర్ తన ఫ్రీక్వెన్సీ దాటి చెత్త సిగ్నల్ వదిలితే అది పైలట్ చెవిలో పడొచ్చు. లైసెన్సు గడువు అంటే ఆ యంత్రం ఎవరి బాధ్యతలో ఉందో తేల్చే తేదీ కూడా.

జహీరాబాద్ శ్రోత

సార్, మీ మాట కాదనను. కానీ మన రెండు రాష్ట్రాల్లోనే జరిగిన రెండు సంగతులు గుర్తు చేయాలి.

2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 'మన రేడియో' మొదలుపెట్టారు. చాలా తక్కువ శక్తి ఉన్న ట్రాన్స్‌మిటర్, ఊరు దాటని ప్రసారం. కొన్ని నెలలకే అధికారులు వచ్చి మూయించారు. అప్పటికి స్వచ్ఛంద సంస్థలు స్టేషన్ పెట్టుకునే వీలే లేదు. ఆ వీలు 2006 విధానంతో వచ్చింది.

మా దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు ఇంకో దారి పట్టారు. స్టేషన్ కట్టుకున్నారు, రికార్డింగులు చేసుకున్నారు. అనుమతి లేదు కాబట్టి ఆ క్యాసెట్లను సంఘాల మీటింగుల్లో వినిపించారు. అలా ఏళ్ల తరబడి ఆగారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాల్లోకి వచ్చింది.

అయితే వాళ్లు ఆగింది ఇంకా మొదలవని ప్రసారం కోసం. రోజూ వింటున్న గొంతు ఒక్కసారిగా ఆగిపోవడం అలాంటిది కాదు. నెల రోజులు వినిపించకపోతే మా ఊళ్లో ముసలమ్మ సెట్టు అటకెక్కించేస్తుంది. మళ్లీ దింపించడం ఎవరి వల్లా కాదు. అందుకే నేను అక్క వైపే.

నిర్వాహకురాలు

మా దగ్గరా అదే భయం, అన్నా. ఇంకో టెన్షన్ డబ్బుది. 2024లో గంటకు ప్రకటనల సమయాన్ని 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు, రేటును పది సెకన్లకు 52 రూపాయల నుంచి 74కు పెంచారు. కాగితం మీద లెక్కేస్తే గంటకు 5,328 రూపాయలు. మాకు వారంలో కూడా అంత రాదు. వచ్చే ఆ కొంచెం కూడా ప్రసారం ఉంటేనే. ఆపేస్తే ఇద్దరు అమ్మాయిల జీతం ఆగిపోతుంది. వాళ్లకు ఎడిటింగ్ నేర్పడానికి రెండేళ్లు పట్టింది.

న్యాయశాస్త్రం చదువుతున్న విద్యార్థి, విశాఖపట్నం

మేడమ్, మీరు నడపాలా వద్దా అన్నదానికంటే ఈ పరిస్థితి ఎందుకు వస్తోందన్నది పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం. 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ ఆస్తిని వేలంలో కొనుక్కున్న ప్రైవేటు ఎఫ్ఎంకు, మూడో దశ వేలంలో 15 ఏళ్ల అనుమతి ఇచ్చారు. లాభం లేకుండా నడిపే ఊరి రేడియోకు మొన్నటిదాకా ఐదేళ్లే. 2024 మార్గదర్శకాలు దాన్ని పదేళ్లు చేశాయి, సంతోషం. కానీ గడువుకు ముందే అప్లై చేసినవాళ్లకు, కాదని రాతపూర్వకంగా చెప్పేదాకా పాత అనుమతి నడుస్తుందన్న ఒక్క వాక్యం ఉంటే ఈ చర్చే ఉండదు. అది సాధించాలి. 2012లో స్పెక్ట్రం రుసుమును 19,700 నుంచి 91,000 రూపాయలకు పెంచినప్పుడు దేశమంతా స్టేషన్లు కలిసి అడిగాయి. వెనక్కి తీసుకున్నారు.

రిటైరైన ఇంజనీరు

బాబూ, 1995 తీర్పును సగమే చెప్పావు. తరంగాలు ప్రజల ఆస్తి కాబట్టే వాటిని ప్రజల తరఫున ఒక సంస్థ నియంత్రించాలని కూడా అందులో ఉంది. నీ వాక్యం మాత్రం నాకు నచ్చింది. అది రావాలి. వచ్చేదాకా ఉన్న నియమమే నియమం.

అమ్మా, మీకు ఒక కఠినమైన మాట చెప్పాలి. మీ ఫైలు ఆగింది పైవాళ్ల వల్ల కాదు. కార్యదర్శి మార్పు నమోదు మీ చేతిలో పని. అది పూర్తి చేసి, తాత్కాలిక పొడిగింపు ఇవ్వమని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. గడువు దాటాక అడిగితే విలువ ఉండదు. ఈలోగా మిగతా లెక్కలు సరిచూసుకోండి: మూడు నెలల ప్రసారాల రికార్డింగులు ఉన్నాయా, సగం కార్యక్రమాలైనా స్థానికులతో చేసినవేనని రిజిస్టరు చూపిస్తుందా, సలహా కమిటీలో సగం మంది ఆడవాళ్లేనా, మీటింగు మినిట్స్ మీద సంతకాలు ఉన్నాయా. యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు దాటకూడదు. సొంత వార్తలు కూడా వేయకూడదు. ఆకాశవాణి వార్తల్ని మాత్రం తీసుకోవచ్చు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మిమ్మల్ని కాపాడేది ఆ రికార్డింగే.

ఒకవేళ పొడిగింపు రాకపోతే ట్రాన్స్‌మిటర్ ఆపండి, మైకు ఆపకండి. మాచనూరులో చేసినట్టు రికార్డు చేసి సంఘాల్లో వినిపించండి. తిరిగి గాల్లోకి వచ్చేసరికి నెల రోజుల కార్యక్రమాలు సిద్ధంగా ఉంటాయి.

నిర్వాహకురాలు

సార్, మీరన్నది నిజమే. కార్యదర్శి విషయంలో తప్పు మాదే. ఆమె పోయిన దుఃఖంలో ఎవరికీ ఆఫీసు పని గుర్తురాలేదు. కొత్త కార్యదర్శిని, తీర్మానం కాపీని తీసుకుని సోమవారం వెళ్తున్నాను. పొడిగింపు కోసం ఉత్తరం ఈ రాత్రే రాస్తాను. నిన్నటిదాకా నడపాలనే అన్నాను. ఇప్పుడు కమిటీలో ఆపుదామనే చెబుతాను. ఓర్వకల్లులో జరిగినట్టు మా యంత్రం పోతే మళ్లీ కొనే స్తోమత మాకు లేదు.

జహీరాబాద్ శ్రోత

అక్కా, మీ నిర్ణయం మీది. నాకు మాత్రం ఇప్పటికీ ఒప్పుదల లేదు. విత్తనాలు వేసే నెలలో ఊరి రేడియో మూగబోతే దాని నష్టం ఏ ఫైల్లోనూ రాయరు. కనీసం ఆపే ముందు వారం రోజులు ప్రతి కార్యక్రమం చివర ఎందుకు ఆపుతున్నారో, ఎప్పుడు మళ్లీ వస్తారో మీ గొంతుతోనే చెప్పండి. వినేవాళ్లకు తెలియాలి.

నిర్వాహకురాలు

తప్పకుండా చెప్తాం అన్నా. ఆ ప్రకటన రేపే రికార్డు చేస్తాం.